తప్పు బిగించిన షాఫ్ట్

వర్క్‌షాప్‌లల్ల పని నేర్చుకునే పిలగాండ్లు ఇప్పటికీ నన్ను కలిస్తే, "తాతా, నీ సర్వీసుల అన్నిటికంటె కష్టమైన రిపేరు ఏది?" అని అడుగుతరు. లారీ ఇంజిన్ మొత్తం విప్పి కట్టిన ముచ్చటేదన్న చెప్తనని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం ఒక జీపుకు పట్టిన వణుకు గురించి. ఆ వణుకు ఎక్కడిదో తెలుసుకునేందుకు నాకు రెండు నెలలు పట్టింది. సరిచేసేందుకు పావుగంట పట్టింది.

అరవైల మొదట్ల సంగతి. నాకు ఇరవై ఆరేండ్లు. నల్లగొండల సర్కారు బండ్లు బాగుచేసే వర్క్‌షాప్‌ల మెకానిక్‌ను. మా బాపు మగ్గం నేసేటోడు. ఇంట్ల నాలుగు మగ్గాలు నడుస్తుంటె, చూడకుండనే "మూడో దాంట్ల పోగు తెగింది" అనేటోడు. ఆ చెవి నాకు గూడ వచ్చిందని నాకు మస్తు గర్వం ఉండె. దాని మీదికెల్లి మెట్రిక్ పాసైన. మా వర్క్‌షాప్‌ల మెట్రిక్ పాసైన మెకానిక్‌ను నేనొక్కన్నే.

మా పెద్ద మిస్త్రీని అందరం ఉస్తాద్ అనేటోళ్లం. నిజాం కాలంల సర్కారు లారీలు విప్పిన మనిషి. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేటోడు. ఆ ఏడు ఆయన కండ్లు మసకబారినయి. ఆపరేషన్ కోసం హైదరాబాద్ దవాఖానకు పోయెటప్పుడు సామాన్ల అలమారి తాళాలు నా చేతుల పెట్టిండు.

"బేటా, సమజ్ కాకపోతే సమజ్ కాలేదని చెప్పు. ఇజ్జత్ పోదు."

నేను తల ఊపిన. మాట చెవులకు పోయింది, లోపలికి పోలే.

ఇగ ఆ జీపు. దవాఖానది. మర్రిగూడ దిక్కు పల్లెలకు, రోడ్లు లేని జాగలకు డాక్టరమ్మను తీసుకపోయేది. నాలుగు చక్రాలకూ బలం అందే బండి. మామూలుగ వెనక చక్రాలే బండిని నడిపిస్తయి. ఇసుకల్నో బురదల్నో దిగబడితే చిన్న గేరు కడ్డీ ఒకటి గుంజాలె, అప్పుడు ముందు చక్రాలు గూడ గుంజుతయి. వెనక చక్రాలకు ఒక ఇనుప షాఫ్ట్, ముందు చక్రాలకు ఒక షాఫ్ట్ వేరువేరుగ పోతయి. గింత తెలిస్తే చాలు.

దాన్ని తోలే ఆయనను నేను డ్రైవరన్న అనేటోన్ని. నాకంటె ఇరవై ఏండ్లు పెద్ద. కేతేపల్లి పక్కన ఒక ఊరు. వాళ్ల నాయిన దొరల పొలాలల్ల కూలి చేసినోడు. ఈయన లడాయి కాలంల ఫౌజుల చేరి, బర్మా అడవులల్ల బండ్లు తోలి వచ్చిండు. ప్రతి ఆదివారం తెల్లంగి తొడుక్కొని చర్చికి పోయేటోడు, మిగిలిన ఆరు దినాలు ఖాకీ. తక్కువ మాట్లాడుతడు. పొద్దుగాల బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తడు, గుర్రాన్ని చూసినట్టు.

ఉస్తాద్ హైదరాబాద్ పోయిన వారానికి ఆయన జీపు తెచ్చిండు. గేరు మార్చినప్పుడల్ల కింద "టక్" మంటున్నది. వెనక షాఫ్ట్ కొసకు కీలు లెక్క ఉండే క్రాస్ అరిగిందని చప్పుడు విని చెప్పేసిన. అది నిజమే. షాఫ్ట్ దించిన, కొత్త క్రాస్ వేసిన, ఎట్లాగూ విప్పినం గదా అని షాఫ్ట్ రెండు ముక్కలూ ఊడదీసి గ్రీసు పెట్టి మల్ల కలిపిన. పొద్దుగాల వచ్చిన బండిని పగటీలికి ఇచ్చేసిన. నా అంత ఫాస్టుగ చేసేటోడు జిల్లాల లేడనుకున్న.

నాలుగు దినాలకు డ్రైవరన్న మల్ల వచ్చిండు.

"తమ్మీ, టక్కు మనుడు బందైంది. గని ఇప్పుడు బండి వణుకుతాంది. పాతిక మైళ్ల స్పీడు దాటితె సీటు కింద ఎవరో విసుర్రాయి తిప్పుతున్నట్టే ఉంటది."

"కొత్త క్రాస్ అన్నా. జర సెట్ కావాలె. నాలుగు దినాలు తోలు."

"నువ్వు చేసినంకనే వచ్చింది," అన్నడాయన. గొంతుల కోపం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పిండు.

ఆ మాట నాకు ముల్లు లెక్క గుచ్చుకున్నది. నేను బండి ఎక్కి హైదరాబాద్ రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టిన. వణుకు ఉన్నది. నిజంగనే ఉన్నది. కాని అదే చక్కర్ల నా కండ్లు ఆయన కాలు మీద పడ్డయి. వచ్చేటప్పుడు ఆయన తోలిండు, ఎడమ కాలు క్లచ్ పెడల్ మీదనే ఆనిచ్చి పెట్టిండు. ఫౌజు అలవాటు కావచ్చు. నాకు గంతె చాలు. క్లచ్ ప్లేటు కాలిపోయింది, అందుకే వణుకు అని తేల్చేసిన. నా చేతి పనిల తప్పు ఉండొచ్చన్న ఆలోచన నాకు రానే రాలే. వచ్చిందేమో, నేను రానియ్యలే. ఇన్నేండ్లకు గూడ దాన్ని ఖరారుగ చెప్పలేను.

క్లచ్ ప్లేటు మార్చిన. వణుకు పోలే. టైర్లు ముందువి వెనకకు, వెనకవి ముందుకు మార్చిన. పోలే. గేరుబాక్సు కింద రబ్బర్లు మార్చిన, రెండు షాఫ్ట్‌లకు బలం పంచే పెట్టెను విప్పి గేర్ల ఒక్కొక్క పన్ను చేతితోని తడిమి చూసిన. అన్నీ సక్కగనే ఉన్నయి. బండి వర్క్‌షాప్‌ల ఉన్నన్ని దినాలు డాక్టరమ్మ ఎడ్లబండి మీద పోవాల్సి వచ్చింది. ఆఫీసరుకు కోపం వచ్చి, కారణం రిజిస్టర్‌ల రాయమన్నడు.

రాసిన. ఇంగ్లీషుల రాసిన. డ్రైవర్ క్లచ్ మీద కాలు పెట్టి తోలుతడు, గుంతలల్ల జోరుగ పోతడు, అందుకే బండి పాడైంది అని. డ్రైవరన్నకు ఇంగ్లీషు చదువరాదు. అదే దినం ఆయన పక్కనే నిలబడి ఉండె, నేను రాసేది చూసుకుంట.

ఎవరూ ఆయనను ఒక్క మాట అడగలే. మెట్రిక్ పాసైన మెకానిక్ రాసిండు, ఊరవతలి వాడ నుంచి వచ్చిన డ్రైవర్ మీద రాసిండు. నమ్ముడు అంత సులువైంది. ఆ సులువు నాకు ఎక్కడికెల్లి వచ్చిందో అప్పుడు నేను ఆలోచించలే. ఆయనను బండి మీదికెల్లి దించి స్టోరు గేటు కాడ కావలి పెట్టిండ్రు. కొత్త డ్రైవర్ వచ్చిండు. పది దినాలకు కొత్తాయన గూడ వణుకుతున్నదనే చెప్పిండు. "అలవాటైతది తియ్యి" అన్న నేను.

రోజూ పొద్దుగాల నేను ఆ గేటు నుంచే లోపలికి పోవాలె. డ్రైవరన్న స్టూలు మీద కూసొని ఉండేటోడు. "ఏం తమ్మీ, తిన్నవా?" అని అడుగుతుండె. ఆ మాటకు జవాబు చెప్పుడు నాకు రోజురోజుకు కష్టమైంది.

ఎండకాలం మధ్యల మర్రిగూడకు అవతల ఒక పల్లెల గత్తర తగిలిందని కబురొచ్చింది. కలరా. అప్పటికే ఇద్దరు పోయిండ్రు. ఆ పొద్దే కొత్త డ్రైవర్‌కు జరమొచ్చి లేవలేకున్నడు. డాక్టరమ్మ సూదిమందులు, సెలైన్ సీసాల పెట్టెలు రిక్షాల వేసుకొని తిన్నగ మా వర్క్‌షాప్‌కు వచ్చింది. గుంటూరు దిక్కు మనిషి. ఎర్రటెండల గొడుగు గూడ లేదు.

"పెద్దాయన్ని పిలవండి. ఆయనే తోలతాడు," అన్నది.

ఆయన కావలి డ్యూటీల ఉన్నడని గుమాస్తా నసిగిండు.

"గేటు ఎక్కడికీ పారిపోదు లెండి," అని ఆమె నా దిక్కు తిరిగింది. "ఇదిగో అబ్బాయ్, నువ్వూ ఎక్కు. దారిలో ఇది ఆగిపోతే నీ రిజిస్టరు చదువుకుంటూ కూర్చోలేను నేను."

డ్రైవరన్న భుజం మీది రుమాలుతోని సీటు తుడిచిండు. బండి చుట్టూ ఒకసారి తిరిగి ఎక్కిండు. నేను వెనక పెట్టెల నడుమ ఇరుక్కొని కూసున్న. ఊరు దాటినంక గూడ ఆయన ఇరవై మైళ్ల కంటె ఎక్కువ పోనిస్తలేడు.

"కొంచెం వేగంగా పోనిద్దామా?" అన్నది డాక్టరమ్మ.

"అమ్మా, గింతకంటె ఎక్కువైతె బండి ఒప్పుకోదు."

ఆమె వెనకకు తిరిగి నా మొఖం చూసింది. నేను బయటి తుమ్మచెట్లు చూసిన.

మర్రిగూడ దాటినంక బండ్లబాట. ఒక కాడ నేల సాపుగ ఉన్నది, ఆమె మల్ల తొందర పెట్టింది. ఆయన స్పీడు పెంచిండు. వణుకు మొదలైంది. పెట్టెలల్ల సీసాలు గలగలమంటున్నయి, నా పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. తర్వాత నా కాళ్ల కిందనే పిడుగు పడ్డట్టు ఒక చప్పుడు. క్రాస్ ఇరిగింది. షాఫ్ట్ వెనక కొస ఊడి, తిరుగుకుంటనే బండి అడుగును దబదబ బాదుతున్నది. ఆ రేకు చీరిందంటే నా కాళ్లు పోయేటియి.

డ్రైవరన్న బ్రేకు గట్టిగ తొక్కలే. క్లచ్ తొక్కి, ఇసుక దిక్కు తిప్పి, బండిని మెల్లగ ఆపిండు. ఇంజిన్ బందు చేసి మొదట వెనకకు తిరిగి అడిగింది, "తమ్మీ, కాళ్లకేం గాలేదు గదా?" అని.

సీసాలల్ల రెండు పలిగినయి. ఊరు ఇంక నాలుగు మైళ్లు. డాక్టరమ్మ దిగి చేతులు నడుముకు పెట్టుకొని నిలబడ్డది. ఆ పెట్టెలు మోసుకపోయేందుకు మనుషులు కావాలె, దగ్గర్ల గుడిసె గూడ కనిపిస్తలేదు. ఏం చేయాల్నో డ్రైవరన్ననే చెప్పిండు.

"తమ్మీ, ఈ షాఫ్ట్ మొత్తం దించెయ్యి. ముందు చక్రాలకు గేరు వేస్తె ముందువే గుంజుకపోతయి. బర్మాల గిట్లనే రెండు దినాలు తోలినం."

నేను కిందికి జొర్రి ముందు కొస పట్టీలు విప్పిన. కాలిన ఇనుము, అరచేతులు బొబ్బలెక్కినయి. షాఫ్ట్‌ను బండిల వేసుకొని మల్ల ఎక్కినం. ఆయన చిన్న కడ్డీ గుంజిండు. బండి కదిలింది.

మధ్యల ఒక గుట్ట ఎక్కుడు వచ్చింది. ముందు చక్రాలు గరసు నేల మీద ఉత్తగనే తిరుగుతున్నయి. డ్రైవరన్న బండిని కిందికి తెచ్చి, వెనకకు మలిపి, రివర్స్ గేర్ల గుట్ట ఎక్కిచ్చిండు. గుంజే చక్రాలు కింది దిక్కుండాలె, బరువు వాటి మీద పడాలె అని తర్వాత చెప్పిండు. నేనూ డాక్టరమ్మా పక్కన నడుచుకుంట పోతున్నం. తలకాయ వెనకకు తిప్పి, ఒక చేతితోని స్టీరింగ్ పట్టుకొని, ఆ బండిని ఆయన పైకి ఎక్కిచ్చిన తీరు ఇంక నా కండ్లల్లనే ఉన్నది. గుంతలల్ల జోరుగ పోతడని నేను రాసిన మనిషి ఈయననే.

గుట్ట దిగినంక మల్ల సాపు నేల. ముప్పై మైళ్ల స్పీడుల పోతున్నం. ఆయన అద్దంల నన్ను చూసిండు.

"వింటున్నవా తమ్మీ?"

"ఏం వినాలె అన్నా?"

"ఏం లేదు. గదే వినమంటున్న."

వణుకు లేదు. చప్పుడు లేదు. ఇంజిన్ అదే, క్లచ్ అదే, తోలేది ఆయననే, ఎడమ కాలు క్లచ్ మీద ఆనిచ్చే ఉన్నది. లేనిది ఒక్క వెనక షాఫ్ట్. అది నా మోకాళ్ల మీద ఉన్నది.

ఊర్ల బడి అరుగు మీద తొమ్మిదిమందిని పండబెట్టిండ్రు. డాక్టరమ్మ వాసాలకు సీసాలు వేలాడగట్టింది. నేనూ డ్రైవరన్నా నీళ్లు మరిగిచ్చినం, తాగే నీళ్ల గోలెంలకు మందు కలిపినం, కట్టెలు తెచ్చినం. పొద్దు వాలేదాంక ఆమె నడుము వాల్చలే. ఒక ముసలాయన దక్కలే. మిగిలిన ఎనిమిదిమంది తేరుకున్నరు. చేతులు కడుక్కుంట ఆమె, "ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే వీళ్లలో సగంమంది ఉండేవాళ్లు కాదు" అన్నది. నన్ను అనాలని అనలే. ఉత్తగనే అన్నది. ఉత్తగ అన్నందుకే ఎక్కువ తాకింది.

జర తీరినంక నేను షాఫ్ట్‌ను బడి గోడ పక్కకు తెచ్చుకున్న. డాక్టరమ్మ స్టవ్వుల కిరసనాయిలు కొద్దిగ వంచుకొని, గుడ్డపేలికతోని మన్ను, గ్రీసు తుడిచిన. ఆ షాఫ్ట్ రెండు ముక్కలు. ఒకటి ఇంకొకదాంట్లకు జొరుతది, జొరే కాడ చుట్టూ రంపం లెక్క సన్నటి పండ్లు. ఎట్ల తిప్పి పెట్టినా లోపలికి పోతది. కాని ఒక్క తీరుగ పెడితెనే రెండు కొసలూ ఒక్క లెక్కన తిరుగుతయి. లేకుంటె ఒకటి గుంజితె ఒకటి మొండికేస్తది. వణుకంటె అదే. అందుకే చేసినోళ్లు రెండు ముక్కల మీదా చిన్న బాణం గుర్తు కొట్టి పెడుతరు, రెండు బాణాలూ ఎదురెదురుగ రావాలె.

తుడువంగ తుడువంగ ఒక బాణం కనిపించింది. రెండోది వెతికిన. షాఫ్ట్ తిప్పితె పక్కకు, చానా పక్కకు ఉన్నది. ఆ రెండింటినీ కలిపిన చెయ్యి నాదే. వేరేటోళ్లు ముట్టలే. ఆ పగటీలి తొందరల, ఒక్కసారి పేలికతోని తుడిచి ఉంటె కనిపించేటియి.

అబద్ధం చెప్పను. మొదట నా మనసుకు వచ్చింది ఏందంటె, అక్కడనే ఊడదీసి సరిగ్గ కలిపేస్తె ఎవరికీ తెలువదని. క్రాస్ ఇరిగింది, కొత్త క్రాస్ వేసిన, వణుకు పోయింది. రిజిస్టర్‌ల గంతె రాస్తె సరిపోతది. చేతులు గూడ ముందుకు పోయినయి. రెండు ముక్కలనూ పట్టుకొని కూసున్న, ఎంతసేపో తెలువదు.

డ్రైవరన్న ముంజలు పట్టుకొని వచ్చిండు. ఆ ఊరి అవ్వ ఒకామె ఇచ్చిందట, 'మా నీళ్లు తాగకుండ్రి బిడ్డా, ఇవ్వి తినుండ్రి' అని. రెండు నా ముందల పెట్టి పక్కన కూసున్నడు.

"అన్నా," అన్న. "ఈ రెండు బాణాలు ఎదురెదురుగ ఉండాలె. నేను తప్పు బిగించిన. అండ్ల నీ తప్పేం లేదు."

ఆయన షాఫ్ట్ చేతికి తీసుకొని, ఒక బాణం మీద, ఇంకో బాణం మీద వేలు పెట్టి చూసిండు.

"నువ్వు బండి ఇచ్చిన దినమే నాకు రోగం తెలుసు తమ్మీ. దాని పేరే తెలువకపాయె," అన్నడు. షాఫ్ట్ నా ముందల పెట్టిండు. "నాకు చెప్తె ఏమొస్తది? రిజిస్టర్‌ల రాసినవ్ గదా. అండ్లనే రాయి."

కోపం చెయ్యలే, మాఫ్ చేసినన్న మాటా అనలే. ముంజ ఒలిచి నా చేతుల పెట్టిండు. నేను తినుకుంట ఏడ్చిన. ఆయన లేచి బండి కాడికి పోయిండు, నేను ఏడుస్తుంటె ఆయన చూడకుండ.

నల్లగొండకు తిరిగొచ్చి కొత్త క్రాస్ వేసి, బాణాలు ఎదురెదురుగ పెట్టి షాఫ్ట్ బిగించిన, పావుగంట పని. మూడో దినం ఉస్తాద్ కండ్లద్దాలు పెట్టుకొని డ్యూటీల దిగిండు. నేను రిజిస్టర్ తెరిచి, పాత రాత కింద కొత్తగ రాసిన. షాఫ్ట్ తప్పు బిగించింది నేను, డ్రైవర్‌ది ఏ తప్పూ లేదు, ముందు రాసింది అబద్ధం అని. ఇంగ్లీషుల రాసి, డ్రైవరన్నను పిలిచి, అందరి ముందల తెలుగుల చదివి వినిపించిన. వర్క్‌షాప్‌ల సుత్తె చప్పుడు గూడ ఆగింది. ఆఫీసరు అరిచిన అరుపులకు స్టోరు మీది పావురాలు లేచిపోయినయి. నాకు మెమో వచ్చింది, మహబూబ్‌నగర్‌కు బదిలీ వచ్చింది. డ్రైవరన్నకు జీపు తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ నన్ను చాయ్‌కు తీసుకపోయిండు. తిడుతడనుకున్న. సాసర్ల చాయ్ పోసుకొని ఊదుకుంట, "బేటా, లారీల కాలంల నేను గూడ గిదే గల్తీ చేసిన," అన్నడు. "ఒక డ్రైవర్ నౌకరీ పోయింది. నేను రాయలే. ఆయన ఎక్కడున్నడో ఇప్పటిదాంక మాలూమ్ లేదు." ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. ఆపరేషన్ అయిన కండ్లు గదా, నీళ్లు కారుతయని అనుకున్న. ఆ ముచ్చట ఆయన ఎన్నేండ్లు ఒంటరిగ మోసిండో. నాకు ఆ మోత తప్పింది, 'అండ్లనే రాయి' అని డ్రైవరన్న చెప్పిన ఆ ఒక్క మాటతోని.

మహబూబ్‌నగర్ నాకు శిక్ష అని పంపిండ్రు. మంచిగైంది. కొత్త వర్క్‌షాప్, నా గురించి ముందే తెలిసిన మనుషులు. "రిజిస్టర్‌ల తనమీద తనే రాసుకున్న మెకానిక్ ఈయనే" అని నవ్వేటోళ్లు. నవ్వుకుంటనే వాళ్ల బండ్లు నాకే ఇచ్చేటోళ్లు. డ్రైవర్ వచ్చి ఇట్ల చప్పుడైతున్నదంటే, ముందు అతని పక్కన కూసొని విన్నంకనే పాన పట్టిన. నా చెవి కంటె రోజూ ఆ సీటుల కూసునే మనిషి నడుముకు ఎక్కువ తెలుస్తదని అప్పటికి సమజైంది. పని నేర్చుకునే పిలగాండ్లకు నేను చెప్పేది గూడ గంతే.

బదిలీ మీద పోయే ముందటి దినం డ్రైవరన్న జీపు తెచ్చి వర్క్‌షాప్ ముందల ఆపిండు. కేతేపల్లిల మందుల పెట్టెలు దించేది ఉన్నదట.

"నడువు, వచ్చేద్దాం," అన్నడు.

పెద్ద రోడ్డు ఎక్కినంక నలభై మైళ్ల స్పీడుల తోలిండు. బండి నూనె మీద జారినట్టు పోతాంది. నేను చెవులు రిక్కించుకొని కూసున్న, ఎక్కడన్న సన్నగ ఏమన్న వినిపిస్తదేమోనని. ఒక కాడ ఆయన బండి పక్కకు ఆపి దిగిండు.

"ఇటు రా. నువ్వు తోలు."

"ఎందుకన్నా? ఏమన్న చప్పుడొచ్చిందా?"

"లేదు."

నేను స్టీరింగ్ ముందల కూసున్న. ఆయన ఇటు దిక్కుకు వచ్చి కూసొని, కాళ్లు చాపుకొని, రుమాలు మొఖం మీద వేసుకున్నడు. రెండు ఫర్లాంగులు పోయినమో లేదో సన్నగ గురక వినిపించింది. నడిచే బండిల ఆయన నిద్రపోవుడు అంతకుముందు నేను ఎన్నడూ చూడలే.

కేతేపల్లి వచ్చింది. ఒక గోడ నీడకు జీపు ఆపిన. ఇంజిన్ బందు చేస్తె మెలకువ వస్తదేమోనని, దాన్ని అట్లనే నడువనిచ్చి, ఆయన లేచేదాంక పక్కన కూసున్న.